అత్తయ్యగారి బాక్టీరియా

పెళ్ళయిన నాటి నుంచి మా అత్తయ్యగారు నాతో నేరుగా మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఒక పోస్టుకార్డు నిండదు. నేను ఆవిడతో మాట్లాడినవి స్టాంపు వెనకాల పట్టేస్తాయి. అలాంటి మనిషిని నేను ఒకటి అడగవలసి వచ్చింది. నగ కాదు, ఇంట్లో వాటా కాదు.

మలం.

అదీ ఆవిడదే కావాలి. తాజాగా కావాలి.

వ్యవహారం ఇంత దూరం ఎలా వచ్చిందో చెబుతాను. నేను మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఆపరేటర్ని. ఊరందరూ పొద్దున్నే ఫ్లష్ నొక్కి మరిచిపోయేదంతా మా దగ్గరికి వస్తుంది. మేం దాన్ని జల్లెడ పట్టి, ఇసుక తీసి, పెద్ద పెద్ద టాంకుల్లోకి వదిలి, అడుగు నుంచి గాలి ఊదుతాం. నిజానికి పని చేసేది మేం కాదు. ఆ టాంకుల్లో కోట్లకొద్దీ బాక్టీరియా ఉంటాయి. అవి మురికిని తిని, బలిసి, బురదగా అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీరు నదిలోకి పోతుంది. వాటికి వేళకి తిండీ చాలినంత గాలీ అందేలా చూడడమే మా ఉద్యోగం. పశువుల కాపరి పనే అనుకోండి. మంద కంటికి కనపడదు, అంతే తేడా.

ఈ విద్యలో నేను మొనగాణ్ణి. టాంకు మీద నురగ రంగు చూసి లోపల ఎవరికి ఒంట్లో బాగాలేదో చెప్పేస్తాను. కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు చెబుతాను, వాళ్ళు అడక్కపోయినా.

అలాంటి నాకు పెద్దపేగు నిండా పుళ్ళు. కడుపులో మెలిపెట్టే నొప్పి, నెత్తురు, చెప్పాపెట్టకుండా పరుగు. ఊరి మలాన్నంతా దారిలో పెట్టేవాడు సొంత మలాన్ని మాత్రం గడప దాటేదాకా ఆపలేడు. ఏ వీధికి వెళ్ళినా ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకుని, ఆ తరవాతే వెళ్ళిన పనేమిటో గుర్తు తెచ్చుకునేవాణ్ణి.

నన్ను చూసే పేగుల డాక్టరమ్మ నాన్చే మనిషి కాదు.

"స్టెరాయిడ్ ఇచ్చినన్నాళ్ళూ తగ్గుతోంది, ఆపగానే తిరగబడుతోంది. ఖరీదైన మందులూ వాడి చూశాం. ఇక మీరు సర్జన్‌గారిని కలవాలి," అంది.

"కలిస్తే?"

"పెద్దపేగు తీసేస్తారు. పొట్ట పక్కన సంచి పెడతారు. చాలామంది హాయిగానే బతుకుతున్నారు. ఆయన చెయ్యి మంచిది."

చెయ్యి మంచిదే కావచ్చు. కత్తి కూడా మంచిదే అయ్యుంటుంది. పేగు మాత్రం నాది. నా మొహంలో రంగు పోవడం చూసి ఆవిడ కుర్చీ కొంచెం ముందుకి లాక్కుంది.

"దానికి ముందు ఒక దారుంది. ఇక్కడ ఒక పరిశోధన జరుగుతోంది. పని చేస్తుందని హామీ లేదు."

కంప్యూటరు తెర నావైపు తిప్పింది. రెండు గుండ్రటి బొమ్మలు. ఒకదాంట్లో పూలకొట్టులో ఉన్నన్ని రంగులు. రెండోది రెండు మూడు మాసిన రంగులతో అతుకులేసిన బొంతలా ఉంది. అడక్కుండానే తెలిసింది, బొంత నాదే.

"మంచి పేగులో వందల రకాల బాక్టీరియా కలిసి కాపురం చేస్తాయి. మీ జబ్బున్నవాళ్ళలో రకాలు తగ్గిపోతాయి. పీచు తిని పేగు గోడకి ఆహారం వండిపెట్టే రకాలున్నాయే, ముఖ్యంగా అవి పలచబడతాయి. వాటి చోట గొడవలు పెట్టేవి చేరతాయి," అంది.

"అయితే వీటి వల్లే జబ్బు వచ్చిందంటారా?"

"అది తెలిస్తే ఈ పరిశోధన ఎందుకు? జబ్బు వల్ల ఇవి మారాయో, ఇవి మారడం వల్ల జబ్బొచ్చిందో, ఒకదాన్నొకటి ఎగదోసుకుంటున్నాయో ఇంకా తేలలేదు."

మా ఇంట్లో తగాదాలూ అలాగే మొదలవుతాయి కాబట్టి నాకు తేలిగ్గానే అర్థమైంది.

ఆరోగ్యంగా ఉన్న మనిషి మలాన్ని శుభ్రపరిచి, గొట్టంతో నా పేగులోకి పంపుతారట. ఆ మాట వినగానే నేను కుర్చీలోంచి లేచాను.

"సీడింగ్! మేడమ్, మేం చేసేది ఇదే!"

మా దగ్గర ఒక్కోసారి ఎవడో ఫ్యాక్టరీవాడు యాసిడ్ కాలవలోకి వదిలేస్తాడు. టాంకులో మంద మొత్తం చస్తుంది. అప్పుడు ఇంకో కేంద్రం నుంచి బతికున్న బురద ట్యాంకరుతో తెప్పించి పోస్తాం. అదే సీడ్. కొన్నాళ్ళకి టాంకు కోలుకుంటుంది. ఇదంతా డాక్టరమ్మకి ఊపిరి తిప్పుకోకుండా వివరించాను.

"కొంచెం అలాంటిదే. కొంచెమే," అంది ఆవిడ.

ఆ రెండో మాట నా చెవిన పడలేదు. పడి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఆవిడ ఇంకా రెండు సంగతులు చెప్పింది. సగం మందికి దాత మలం వేస్తారు, సగం మందికి ఎవరిది వాళ్ళకే తిరిగి వేస్తారు. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. రెండోది, రోజూ వేసుకునే మాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు. రెంటికీ తల ఊపాను. మొదటిది నాకు వర్తించదనుకున్నాను. లాటరీలో ఓడిపోయేది ఎప్పుడూ పక్కవాడే కదా.

దాత దగ్గరివాళ్ళయితే మేలన్నారు. వేట మొదలైంది. నా భార్య పంటి నొప్పికి ఈమధ్యే యాంటీబయాటిక్స్ వాడింది. పనికిరాదన్నారు. మా అన్నయ్యకి ఫోన్ చేశాను.

"ఒరేయ్, రక్తం అడుగు, ఇస్తా. కిడ్నీ అడుగు, ఆలోచిస్తా. ఇది మాత్రం అడక్కు. నాకు మొహమాటం," అన్నాడు.

మా ప్లాంటులో జల్లెడల దగ్గర పనిచేసే మిత్రుడున్నాడు. అందరం వాణ్ణి జల్లెడ అనే పిలుస్తాం. వాడికి మనసుంది గానీ, షుగర్ కూడా ఉంది.

ఇక మిగిలింది ఇంట్లోనే ఉన్న మా అత్తయ్యగారు.

ఆవిడ పెద్ద హోటల్లో లాండ్రీ సూపర్‌వైజరుగా చేసి ఈమధ్యే మానేసింది. ఇంకా అరవై దాటలేదు. మరక అన్నది ఆవిడకి పుట్టు శత్రువు. దుప్పటిని వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తే పోయిన జన్మలో పడ్డ మరక కూడా కనిపెట్టేస్తుంది. ఆ మనిషికి దొరికిన అల్లుణ్ణి నేను. ఇరుగుపొరుగుకి నా ఉద్యోగం "నీళ్ళ శాఖ"లో అని చెప్పుకుంది. నా యూనిఫాం ఇంట్లో వాషింగ్ మెషీన్ గడప తొక్కడానికి వీల్లేదు. దానికి పెరట్లో వేరే బకెట్టు. నేనూ ఆ బకెట్టూ దాదాపు ఒకే హోదాలో బతుకుతున్నాం.

అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. ఇనప గుగ్గిళ్ళు తిన్నా అరిగించుకునే మనిషి ఆవిడ. కడుపునొప్పి అన్న మాట ఆవిడ నోట ఎవరూ వినలేదు.

అడిగే బాధ్యత నా భార్య నెత్తినేసుకుంది. నేను నడవాలో గోడకి చెవి ఆనించి నిలబడ్డాను. తన జీవితం గురించి పక్కగదిలో తీర్పు చెబుతుంటే వినే ముద్దాయి అలాగే నిలబడతాడు.

"అమ్మా, ఒక సాయం కావాలి."

"ఎవరికి?"

"తనకి."

"తనకి నోరు లేదా?"

"సిగ్గుపడుతున్నాడే." తరవాత గుసగుసగా అసలు సంగతి చెప్పింది.

లోపల వాషింగ్ మెషీన్ ఒక్కటే గిరగిరా తిరుగుతోంది.

"నా ఉద్యోగమంతా దాన్ని బట్టల మీంచి వదిలించడంతోనే సరిపోయింది. ఇప్పుడు దాన్నే డబ్బాలో పెట్టి ఇమ్మంటారా?" అంది అత్తయ్యగారు.

"ఇస్తే తన పేగు దక్కచ్చు."

"లోకంలో ఇంతమంది ఉండగా నాదే ఎందుకు?"

"నీ పొట్ట అంత మంచి పొట్ట ఎవరికీ ఉండదట."

ఈ ముక్క డాక్టరమ్మ అనలేదు. నేనూ అనలేదు. నా భార్య సొంత రచన.

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు."

మెషీన్ ఆగింది. నా గుండె కూడా ఆగిందనుకున్నాను.

"ఆ డబ్బా శుభ్రంగా కడిగిందేనా?" అంది అత్తయ్యగారు.

బతికాను.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఆవిడ ఎదుటే అంది, "ఇన్ని రకాలున్న నమూనా మేం తరచుగా చూడం." అత్తయ్యగారు చీర కొంగు సర్దుకుని పతకం అందుకున్నంత గంభీరంగా తల వంచింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర నా భార్యతో, నాకు వినపడేలా, "తరచుగా చూడరట," అని మూడుసార్లు అంది.

నాకు గొట్టం వేసి ఏం పంపాలో అది పంపారు. దాని వర్ణన మీకెందుకు, నాకే వద్దు.

వారం తిరగకుండా నొప్పి తగ్గింది. నెత్తురు ఆగింది. వీధిలో నడుస్తూ చుట్టూ చూడడం మొదలుపెట్టాను. మా సందు చివర పుస్తకాల షాపు ఉందని అప్పుడే తెలిసింది. అంతకుముందు నాకు తెలిసింది దాని పక్కన పెట్రోల్ బంకు, అందులో వెనకవైపు మరుగుదొడ్డి తలుపు.

ఇంట్లో పరిపాలన మారింది. అత్తయ్యగారు నాతో మాట్లాడడం మొదలుపెట్టింది. సరిగ్గా చెప్పాలంటే నాతో కాదు. చూపు నా మొహం మీద ఉండేది కాదు, బొడ్డు మీద ఉండేది.

"అదేం తిండి? వాళ్ళకి పీచు కావాలి. నావాళ్ళు కూరగాయలు లేని భోజనం ఎరగరు. ఇంకొంచెం వడ్డించవే."

"అమ్మా, తను చాలంటున్నాడు."

"తన సంగతి ఎవడడిగాడు?"

ఒకరోజు పెరట్లోకి వెళితే నా యూనిఫాం తీగ మీద ఆరుతోంది. ఇంట్లో అందరి బట్టల మధ్య. ఉతికి, జాడించి, కాలరు నిటారుగా సాగదీసి. బకెట్టు బోర్లించి ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి. చెమర్చిన కళ్ళతో ఆలోచించకూడదని పెద్దలెవరూ ఎందుకు చెప్పలేదో.

ఎందుకంటే అప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. అత్తయ్యగారి బాక్టీరియాని నేను కాపాడుకోవాలి.

మర్నాడు టాంకు గట్టు మీద జల్లెడని పట్టుకున్నాను.

"సీడ్ వేశాక టాంకులోకి మందు నీళ్ళు రానిస్తామా?"

"చచ్చినా రానివ్వం. గేటు మూసేస్తాం."

"మరి నేను రోజూ గుప్పెడు మాత్రలు మింగుతున్నాన్రా."

"అవి పురుగుల్ని చంపే మందులా?"

"మందు మందే కదా."

"డాక్టరమ్మని ఒక్క మాట అడగరాదూ?"

"టాంకు సంగతి డాక్టర్లకేం తెలుసురా!"

ఆ మాట అన్నది నేనే. దాన్ని ఫ్రేము కట్టించి మా హాల్లో వేలాడదీయాలి, నా ఫోటో పక్కన.

ఆ రోజు నుంచి నా భార్య చూస్తుండగా మాత్రలు నోట్లో వేసుకుని, నాలిక కింద దాచి, నీళ్ళు తాగి, "ఆహా" అని మూతి తుడుచుకునేవాణ్ణి. తరవాత మెల్లగా జేబులోకి. జైలు గోడకి కన్నం వేసే ఖైదీకి కూడా అంత ఓర్పు ఉండదు. ప్లాంటుకి వెళ్ళి చెత్తడబ్బాలో పారేసేవాణ్ణి. టాంకులో వేసేవాణ్ణి కాదు. ఆ మందకి మందు పడదు కదా! అంత జాగ్రత్త మనిషిని.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. నా సిద్ధాంతం గెలిచిందనుకున్నాను. లోపల పేగు గోడకి నిప్పు రాజుకుంటోందని నాకేం తెలుసు?

ఆ రోజు రెండు టాంకుల మధ్య సన్నటి ఇనప వంతెన మీద నిలబడి నీళ్ళలో గాలి ఎంతుందో కొలుస్తున్నాను. కడుపులో ఎవరో పిడికిలి బిగించారు. పాత చుట్టం. మెట్ల వైపు పరిగెత్తాను. ఆఫీసు వెనక మరుగుదొడ్డి తలుపుకి తాళం. లోపల కొత్త పలకలు వేశారు, తడి ఆరలేదట. రెండోది గేటు దగ్గర, ఆ చివర.

నా చుట్టూ ఊరి మలమంతా గలగలా పారుతోంది. అందులో నాదొక్కటీ కలపడానికి దారి లేదు.

"ఎక్కడికిరా పరుగు?" అని జల్లెడ అరిచాడు.

జవాబు చెప్పడానికి కండరాలు ఖాళీ లేవు. గేటు దాకా చేరానా అని అడక్కండి. దాదాపు చేరాను. జల్లెడ తను మార్చుకునే బట్టలు తెచ్చి, మొహం పక్కకి తిప్పుకుని, తలుపు సందులోంచి అందించాడు. నెత్తురు మళ్ళీ మొదలైంది. యూనిఫాం సంచిలో మూటకట్టుకుని ఇంటికొచ్చి మంచం మీద ముడుచుకున్నాను.

ఆ సంచి అత్తయ్యగారి చేతిలో పడింది. లాండ్రీవాళ్ళకొక అలవాటుంటుంది. ఎంత మురికి బట్టయినా సరే, నీళ్ళలో వేసేముందు జేబులు తిరగేస్తారు. ఆ రోజు మాత్రల్ని నేను పారేయలేదు. పారేసే తీరిక ఎక్కడిది?

కాసేపటికి ఆవిడ మంచం పక్కకొచ్చి అరచెయ్యి చాపింది. ఎర్రగా, సగం కరిగి, ఒకదానికొకటి అంటుకున్న మాత్రలు. ఈసారి చూపు బొడ్డు మీద లేదు. సూటిగా నా మొహం మీద ఉంది.

"ఇవేంటి?"

"మాత్రలు."

"పొట్టలో ఉండాల్సినవి జేబులో ఎందుకున్నాయి?"

"మీవాళ్ళకి హాని జరుగుతుందేమోనని, అత్తయ్యగారూ..."

"నావాళ్ళ కోసం మానేశారా?"

"అవునండీ."

"నేనడిగానా?"

మాత్రల్ని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తలుపు ధడాలున వెయ్యలేదు, మెల్లగా చేరేసింది. ధడాలున వేసి ఉంటే బాగుండేది.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించి, స్టెరాయిడ్ మొదలుపెట్టి, డాక్టరమ్మ నా కథ మొత్తం విన్నది. విన్నాక కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది.

"ఆ మాత్ర బాక్టీరియాని చంపేది కాదండీ. పేగు గోడ మంట ఆర్పేది. ఇంటికి నిప్పంటుకుంటే, తొట్లో చేపపిల్లలు బెదురుతాయని ఫైరింజన్ని వెనక్కి పంపారు మీరు."

"టాంకులో అయితే..."

"మీ టాంకులోవి గాలి పీల్చి బతుకుతాయి. పేగులో మంచి రకాలు చాలావరకు గాలి తగిలితే చస్తాయి. రెండూ ఒకటేనని ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. నాకు నేనే చెప్పుకున్నాను."

నేను నియమం తప్పాను కాబట్టి పరిశోధనలో నా వంతు అక్కడితో ముగిసిందట. నాకు వేసింది ఏదో ఇప్పుడు అడగొచ్చట. ఆవిడ బయటికెళ్ళి ఎవరికో ఫోన్ చేసి తిరిగొచ్చింది. పెదాలు గట్టిగా బిగించి ఉన్నాయి. కోపమనుకున్నాను. నవ్వు ఆపుకుంటోందని తరవాత తెలిసింది.

"మీకు వేసింది మీదే."

"నాదే అంటే?"

"మీ అత్తగారిది కాదు. మీ మలమే మీకు తిరిగి వేశారు."

నా భార్య ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత ఆ చెయ్యి కూడా చాల్లేదు.

"మరి తగ్గింది కదా!" అన్నాను గింజుకుంటూ.

"ఈ జబ్బు తనంతట తను కూడా తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. నమ్మకం కొంత పని చేస్తుంది. పైగా అప్పుడు మాత్రలు మింగుతున్నారు."

అదీ సంగతి. పేగులో ఏ రౌడీ మూకని తరిమెయ్యాలని చూస్తున్నామో, ఆ మూకనే అత్తవారి చుట్టాలనుకుని, కంచం నిండా పీచు పెట్టి, మందు చుక్క తగలకుండా గొడుగు పట్టాను. వాళ్ళెంత నవ్వుకున్నారో.

"ఇప్పుడేమిటి?" అంది నా భార్య నవ్వు తుడుచుకుంటూ.

"సొంతది పడ్డవాళ్ళకి తరవాత దాతది ఇచ్చే వీలుంది. మీ తప్పు నేను పైవాళ్ళకి చెప్పి ఒప్పిస్తాను. కానీ ముందు ఈ మంట చల్లారాలి. చల్లారకపోతే సర్జనే. చల్లారితే ఆ కాస్త వ్యవధిలో వేసెయ్యాలి. కొత్త దాతని వెతికి పరీక్షలు చేసేంత టైము మనకి లేదు. అత్తగారు మళ్ళీ ఒప్పుకోవాలి."

మంట చల్లారింది, అయిష్టంగా. ఇంటికొచ్చాను. పెరట్లో బకెట్టు మళ్ళీ నిటారుగా నిలబడి ఉంది. అత్తయ్యగారు నా బొడ్డు వైపు కూడా చూడడం లేదు.

"నువ్వొక మాట అడగవా?" అన్నాను నా భార్యతో.

"అడిగాను కదా ఒకసారి! నేనడిగి తెస్తే నువ్వు నా కళ్ళెదుటే నాటకమాడి జేబులో వేసుకున్నావు. నీ పేగు, నీ నోరు. వెళ్ళు."

అత్తయ్యగారు వెనక గదిలో ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. గుమ్మంలో నిలబడ్డాను. తల ఎత్తకుండానే ఒక దుప్పటి చివర నావైపు విసిరింది. పెద్ద దుప్పటి మడతకి రెండో మనిషి కావాలి. అల్లుడైనా సరే.

"అత్తయ్యగారూ."

"మూల సరిగ్గా పట్టుకోండి."

పట్టుకున్నాను. మధ్యకి మడిచి ఇద్దరం ఒక అడుగు ముందుకేశాం.

"నాకు వేసింది మీది కాదట."

"తెలుసు. అమ్మాయి చెప్పింది." దుప్పటి దులిపింది. "నేను వీధిలో అందరికీ చెప్పుకున్నాను, మా అల్లుడు కోలుకున్నది నా చలవేనని."

"ఈ సంగతి వీధిలో చెప్పారా!"

"నా వైద్యం అన్నాను. ఏం వైద్యమో చెప్పడానికి నాకేం పిచ్చా?"

ఇంకో మడత. ఇంకో అడుగు. ఆవిడ కళ్ళ కింద నలుపు కనిపించేంత దగ్గరికొచ్చాను.

"నాకు కోపం ఎందుకొచ్చిందో తెలుసా?" అంది.

"నాటకమాడినందుకు."

"కాదు. నా పేరు చెప్పి చావబోయారు. మీకేమన్నా అయితే అమ్మాయి మొహం నేనెట్లా చూడను? 'అమ్మ పురుగుల కోసం మాత్రలు మానేశాడు' అన్న మాట కాటిదాకా నా నెత్తిన ఉండేది."

ఆ కోణం నాకు తట్టనే లేదు. ఆవిడకి మర్యాద చేస్తున్నాననుకున్నాను. ఆవిడ మెడకి ఉరి పేనుతున్నాను.

"తప్పయింది. ఇప్పుడు ఇంకోటి అడగాలి. నాకు మళ్ళీ... మీది..."

మాట రాలేదు. ప్లాంటులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ మాటతోనే బతుకుతాను. తనిఖీకొచ్చిన ఆఫీసర్లకి ఆ మాట మీద ఉపన్యాసాలిచ్చాను. ఆ గదిలో మాత్రం దుప్పటి మూల నలుపుతూ నిలబడ్డాను. ఆవిడ సాయం చెయ్యలేదు. దుప్పటి పట్టుకుని చూస్తూ నిలబడింది.

"నోటితో చెప్పండి. ఏం కావాలి?"

"మలం కావాలి అత్తయ్యగారూ."

"ఎందుకు?"

జోకు వెయ్యబోయాను. ఈ జబ్బు వచ్చిన దగ్గర్నుంచీ అడిగిన ప్రతివాడికీ జోకే జవాబు. డాక్టరమ్మకీ, జల్లెడకీ, నా భార్యకీ కూడా. ఆ వేళ ఒక్కటీ దొరకలేదు.

"భయంగా ఉందండీ. పేగు పోగొట్టుకోవాలని లేదు," అన్నాను.

ఆవిడ నా చేతుల్లోంచి దుప్పటి తీసుకుని ఆఖరి మడత తనే వేసింది.

"పని చేస్తుందా?"

"తెలీదు. కొందరికి చేస్తుందట, కొందరికి చెయ్యదట."

"చెయ్యకపోతే?"

"సర్జన్."

"అప్పుడు నా వంక వేలు చూపించకూడదు."

"చూపించను."

"మాత్రలు నా ఎదుట మింగాలి. మింగాక నోరు తెరిచి, నాలిక ఎత్తి చూపించాలి."

"చిన్నపిల్లాడిలాగానా?"

"చిన్నపిల్లలు ఇంత తెలివితక్కువ పని చెయ్యరు. ఆ రెండో దుప్పటి ఇలా అందుకోండి."

ఈసారి రహస్యాలు లేవు. డబ్బా ఎవరిదో అందరికీ తెలుసు. ఆవిడ దాన్ని మూడు సంచుల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటావిడ "ఏం టిఫినండీ?" అని అడిగితే, "మందు," అని ముక్తసరిగా చెప్పి కిటికీ బయటికి చూసింది.

వేశారు. మొదటి వారం ఏమీ మారలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఉత్తుత్తి వైద్యానికి లేచి గంతులేసిన నా ఒళ్ళు అసలు వైద్యానికి ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంది. రోజూ సర్జన్ కలలోకి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. తరవాత, మబ్బు విడినట్టు కాదు, వాన సన్నబడినట్టు, నొప్పి కొద్దికొద్దిగా సన్నబడింది.

కెమెరా గొట్టంతో చూసిన రోజు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి డాక్టరమ్మ చెప్పింది.

"చాలా పుళ్ళు మానాయి. కొన్ని మిగిలాయి. సర్జన్‌గారికి ఇప్పుడు అవసరం లేదని చెప్పేస్తున్నాను. ఎప్పటికీ రాదని మాత్రం చెప్పలేను."

నా భార్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్తయ్యగారు ముందుకి వంగింది.

"నావాళ్ళు ఎంతమంది నిలిచారు?"

"కొన్ని రకాలు స్థిరపడ్డాయండీ. కొన్ని నిలవలేదు."

ఆవిడ నన్ను ఆపాదమస్తకం చూసింది, ఇల్లు అద్దెకి తీసుకునేముందు చూసినట్టు.

"నిలవనివాళ్ళని నేను తప్పు పట్టను. ఉన్నవాళ్ళకి తోడు కావాలంటే కబురు చెయ్యండి, మళ్ళీ తెస్తాను. అడిగించుకోను," అంది డాక్టరమ్మతో.

బయట హాలు నిండా జనం. మాత్రల వేళయింది. అత్తయ్యగారు సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. ఇక్కడా అన్నట్టు చూశాను. ఇక్కడే అన్నట్టు చూసింది. మింగాను. నోరు తెరిచి నాలిక ఎత్తాను. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా మెడలు సాచారు. ఆవిడ నా గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వెలుతురువైపు తిప్పి, ఈ మూల నుంచి ఆ మూల దాకా నిదానంగా చూసింది.

"ఊఁ, పదండి బాబూ," అంది.

నన్ను బాబూ అనడం ఆవిడకి అదే మొదటిసారి. నోరు మూసుకోవడం మరిచిపోయి అలాగే వెంట నడిచాను.